పద్మ పాదాల కొలత

మొన్న మా చెల్లెలి కూతురు స్రవంతి, దాని పాప మీనూ వచ్చారు. మీనూకి ఎనిమిదేళ్లు. ఊరికి ఆ చివరనున్న ఏదో మాల్‌లో మంచు మీద స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ అద్దె బూట్లతో జారింది, ఇక సొంతవి కొనమన్నాడట కోచ్. ముగ్గురం కలిసి ఏఎస్ రావు నగర్‌లో ఆటసామాన్ల షాపుకు వెళ్లాం. "పాప బిగినరా మేడమ్, ఇంటర్మీడియటా?" అని అడిగాడు షాపాయన. "మూడో తరగతి" అన్నాను. ఆయన నవ్వలేదు. మంచు బూట్లు తమ దగ్గర ఉండవనీ, పాదాలు కాగితం మీద గీసి పంపితే తెప్పిస్తాననీ చెప్పి, బొమ్మల పుస్తకం ముందు పెట్టాడు. మీనూ వేలు సరాసరి అన్నిటికన్నా తెల్లగా, అన్నిటికన్నా గట్టిగా ఉన్న బూట్ల మీదికి వెళ్లింది. అవి గాల్లో రెండు చుట్లు తిరిగి దిగేవాళ్లవి. మీనూ ఇంకా ఒక్క చుట్టు తిరిగితేనే అమ్మని పిలుస్తుంది. చీలమండ దగ్గర కాస్త వంగే బూటు చాలనీ, బ్లేడుకు ముందుండే పళ్లు చిన్నవిగా ఉండాలనీ, పెద్ద పళ్లయితే ఎగరకముందే మంచును కరిచి బోర్లా పడేస్తాయనీ చెప్పాను. షాపాయన నన్ను కొత్తగా చూశాడు. కాస్త పొంగిపోయాను, దాచడమెందుకు.

ఇంటికొచ్చాక స్రవంతి తెల్లకాగితం నేల మీద పరిచి, పెన్సిల్ నా చేతికిచ్చింది. "పెద్దమ్మా, నువ్వే గీయి. నీకివన్నీ తెలుసుగా!" తెలుసు. తెలియడంతోనే వచ్చింది చిక్కంతా. కళ్లద్దాలు కనబడటం లేదని చెప్పి దాని చేతనే గీయించాను. కళ్లద్దాలు నా నెత్తి మీదే ఉన్నాయి. అది గమనించినా, ముసలితనం కింద జమకట్టి ఊరుకుంది. దాని పెన్సిల్ మాత్రం నిటారుగా ఉందా లేదా అని, అద్దాలు లేని కళ్లతోనే ఆ గీత మొదలైన దగ్గర్నుంచి కలిసేదాకా చూస్తూ కూర్చున్నాను.

మా చిన్నతనంలో మాకు మంచు లేదు. ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో, మా కాలనీ పిల్లలు చదివే బడి వెనక, ఒకప్పుడు ప్రార్థన కోసం పోసిన సిమెంటు గచ్చు ఉండేది. దాని మీద నాలుగు చక్రాల స్కేట్లతో తిరిగేవాళ్లం. టీవీలో ఎప్పుడైనా మంచు మీద గిరగిరా తిరిగే విదేశీ అమ్మాయిల్ని చూపిస్తే, మర్నాడు సాయంత్రం మేమంతా ఆ గచ్చు మీద అలాగే చేతులు చాచి, అలా మాత్రం కాకుండా, తిరిగేవాళ్లం. గాలి నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే మందుబిళ్లల వాసన, వీయకపోతే మా స్కేట్ల కిరసనాయిలు వాసన. మాకు నేర్పింది యాదగిరి సార్. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగాక సైకిలేసుకుని వచ్చి మా కాళ్లకు ఫిట్టరయ్యేవాడు. మనిషి ఎదురైతే ముందు పాదాలు చూసి, తర్వాత ముఖం చూసేవాడు. మా పేర్లు మరిచిపోయేవాడు గానీ సైజులు మరిచేవాడు కాదు. "ఏయ్ ఐదో నంబర్, ఇటు రా!" అని పిలిస్తే ఇద్దరు ముగ్గురం ఒకేసారి వెళ్లేవాళ్లం.

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న ఒక తంతు నడిచేది. నాన్న తను పనిచేసే ప్రయోగశాలకు వేసుకెళ్లే బూట్లు వరండాలో పాత పేపరు మీద పెట్టుకుని పాలిష్ చేసేవారు. ఆయన పక్కన నేను సొట్టపోయిన సత్తుగిన్నెలో కిరసనాయిలు పోసి, చక్రాల లోపలి బేరింగులు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమేదాన్ని. ఆ తర్వాత బడి బీరువాలోంచి తెచ్చిన తోలు బూట్లకు ఆముదం పట్టించడం. నాయనమ్మకు ఆ ఆముదం మీద కన్నా ఆ తోలు మీదే కోపం. అది వంటింటి గడప దాటకూడదు, దాన్ని ముట్టుకున్నాక స్నానం చెయ్యకుండా నేనూ దాటకూడదు. "చక్రం విష్ణుమూర్తి చేతిలో ఉండాలి గానీ ఆడపిల్ల కాళ్ల కిందేమిటే!" అనేది. అమ్మ గొడవ వేరు. మాకు చెప్పులైనా బూట్లైనా రెండు నంబర్లు పెద్దవి కొని, ముందు వేళ్ల దగ్గర దూది కుక్కేది. "పెరిగే కాళ్లు" అనేది. మా పాదాలు ఆ దూదిని తోసుకుంటూ పెరిగేవి. అవి సరిపోయేసరికి బూట్లు చిరిగేవి. చిన్నప్పుడు నాకు ఒక్కరోజైనా సరిపోయిన బూటు లేదు.

సార్ దగ్గర ఆ దూది చెల్లేది కాదు. ఆయన లెక్కలో మూడు మెట్లు. నేర్చుకునేవాళ్లకు పట్టీల స్కేట్లు: ఇనుప పలక మీద మామూలు బడి బూటు పెట్టి, ముందు రెండు కొక్కేలు తాళంచెవితో బిగించి, మడమ దగ్గర తోలుపట్టీ కట్టుకోవడం. వెనక్కి వెళ్లడం, తిరగడం వచ్చాక మెత్తని తోలుబూటు. అలాంటివి బీరువాలో రెండు జతలుండేవి, పదిమందిమి మేజోళ్లు మార్చుకుని వేసుకునేవాళ్లం. గాల్లోకి ఎగిరేవాళ్లకు మాత్రం మూడు పొరల తోలుతో కుట్టిన గట్టి బూటు. ఎవరి పాదానికి వాళ్లకే కుట్టాలి. అది మాలో ఎవరికీ లేదు. మాకందరికీ అదే కావాలి. సార్ మా చీలమండ చుట్టూ బొటనవేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపేవాడు. "బూటు గట్టిగుండుడు మెడల్ గాదు బిడ్డా. కాలు ఎంత పని జేస్తదో సూసి, మిగిలిన పనే బూటుకియ్యాలె. అంత పని బూటుకే ఇస్తే కాలు ఎప్పుడు నేర్చుకుంటది?"

ఒక ఏడాది బడివాళ్లు ఒక్క జత గట్టి బూట్లు కుట్టించడానికి ఒప్పుకున్నారు. చక్రాలు, పలకలు ఎవరో బొంబాయి నుంచి తెచ్చిన పాత జతవి సార్ దాచి ఉంచాడు. పరీక్షలయ్యాక సిటీలో సెలక్షన్లు. గెంతి దిగగలిగిన ఆడపిల్లను రాష్ట్రం టీములోకి తీసుకుంటారు. నాకు పదహారేళ్లు. అందరికన్నా పెద్దదాన్ని, బీరువా తాళం నా దగ్గరే ఉండేది. ఆ బూట్లు నావేనని సార్ కన్నా ముందు నేను తీర్మానించుకున్నాను.

సార్ చెప్పిన పేరు పద్మ.

పద్మకు పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ లచ్చమ్మ మా బడిలోనే ఆయా. నల్గొండ వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక్క గదిలో ఉండేవాళ్లు. అమ్మ పని ముగిసేదాకా మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూసీ చూసీ, ఒకరోజు ఎవరో విప్పి పడేసిన పట్టీల స్కేట్లు కట్టుకుని గచ్చెక్కింది. ఎక్కిన వారానికి నా వెనక, నెలకు నా పక్కన, ఆ తర్వాత నాకు దాని వీపే కనబడేది. అది మెత్తని బూట్లతోనే గెంతి, ఒంటికాలి మీద పిల్లిలా దిగేది. నేనూ గెంతేదాన్ని. "వాణీ, నువ్వు మంచిగనే ఎగురుతవ్. దిగుడే, దేవుని దయ" అన్నాడు సార్ అందరిముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏడ్చినట్టు తెలిసిపోతుందని.

ఆ వారం సార్‌కు రాత్రి డ్యూటీ పడింది. పాదాల కొలత తీసి, బూట్లు కుట్టే గఫూర్ చాచాకు అందజేసే పని నాకప్పగించాడు. నాలుగు మాటలు చెప్పాడు. పొద్దున్న గాదు, ఆడి అలిసినంక సాయంత్రం గియ్యాలె, కాలు జర ఉబ్బుతది. కూసోపెట్టి గాదు, నిలబెట్టి గియ్యాలె, బరువు పడితే పాదం పరుచుకుంటది. వేసుకునే మేజోడు మీదనే గియ్యాలె. పెన్సిల్ కట్టెలెక్క నిట్టనిలువుగ ఉండాలె.

మూడు మాటలు తప్పకుండా పాటించాను.

ఆటయ్యాక, ఖాళీ అయిన గచ్చు మీద కాగితం పరిచి పద్మను నిలబెట్టాను. నేను దాని పాదాల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. పడిపోకుండా నా తల మీద చెయ్యి వేసుకుంది. పెన్సిల్ మడమ దగ్గర మొదలై పక్కకు రాగానే కిలకిలమంది. "అక్కా, గిలిగింతలైతున్నయ్, జల్ది గీయరాదే!" "కదలకే, గీత పోతుంది" అన్నాను. గీత పోలేదు. నేనే పోనిచ్చాను. పెన్సిల్‌ను కాస్త లోపలికి, పాదం కిందికి వాల్చాను. అలా వాల్చితే గీత పాదానికి బయట పడదు, పాదం అడుగున పడుతుంది. చూసేవాళ్లకు తెలియదు. ఒక పాదమయ్యాక అది కాలు మార్చింది, రెండోదీ గీశాను. నా పాదం దాని పాదం కన్నా ఒక్క వేలి వెడల్పంత పొట్టి, వెడల్పూ తక్కువ. కాగితం మీద ఆ సాయంత్రం నిలబడ్డవి, ఇంచుమించు నా పాదాలు.

ఆ క్షణంలో నేనేం అనుకున్నానో ఇప్పుడు రాయాలంటే అబద్ధమాడాల్సి వస్తుంది. బూట్లు నాకే వస్తాయని స్పష్టంగా అనుకున్నానని చెప్పలేను, అనుకోలేదనీ చెప్పలేను. అయ్యో అని మాత్రం అనుకోలేదు. అది బాగా గుర్తు.

బూట్లు వచ్చాయి. తెల్లగా, కొత్త తోలు వాసనతో. పద్మ పాదం మడమ దాకా వెళ్లి ఆగిపోయింది. లేసులన్నీ వదులు చేసి, పౌడరు చల్లి, కళ్లు మూసుకుని తోసింది. లోపలికి వెళ్లింది గానీ లేచి నిలబడలేకపోయింది. "సాగుతయ్ సార్, తోలే గదా" అంది. దాని కళ్లలో నీళ్లు. సార్ బొటనవేలితో బూటు ముందుభాగం నొక్కి, విప్పమన్నాడు. "సాగవమ్మా. సాగేటట్టుంటే ఎగిరేటోళ్లకు పనికిరావు." గఫూర్ చాచాను పిలిపించి కోప్పడ్డాడు. ఆ ముసలాయన సైకిల్ దిగి, జేబులోంచి నేను గీసిన కాగితం తీసి గచ్చు మీద పరిచి, దాని మీద బూటు పెట్టాడు. "దేఖో సాబ్. కాగజ్ హౌర్ జూతా, బాల్ బరాబర్ ఫరఖ్ నై. నలభై ఏండ్లాయె కుట్టబట్టి. కాగజ్‌మే జిత్నా పాఁవ్ హై, ఉత్నాచ్ జూతా." నిజమే. కాగితం మీద పాదం ఎంతో బూటూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు.

సార్ నా వైపు తిరిగాడు. "వాణీ, నిలబెట్టే గీసినవా?"

"నిలబెట్టే గీశాను సార్."

అది అబద్ధం కాదు. ఇన్నేళ్లలో నేనాడిన అబద్ధాలు కొన్ని మరిచిపోయాను, ఆ ఒక్క నిజం మరిచిపోలేదు. పెన్సిల్ సంగతి ఆయన అడగలేదు. నమ్మినవాళ్లు అన్నీ అడగరు. పేరుకు వాణిని, నోరు పెగలాల్సినప్పుడు మాత్రం పెగల్లేదు. ఇంతలో పద్మ నా పక్కకొచ్చి నిలబడింది. "అక్క తప్పేం లేదు సార్. నా కాలే పెరిగినట్టుంది." పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ లచ్చమ్మ దాని పాదాల వైపు చూసి అంది: "నా తప్పే సార్. చిన్నప్పుడు చెప్పులు కొనియ్యకపోతి. ఉత్త కాళ్లతోని మా ఊరి రాళ్లల్ల తిరిగి తిరిగి, పిల్ల కాళ్లు గిట్ల పరుసుకున్నయ్."

మళ్లీ కుట్టించడానికి బడివాళ్లు ఒప్పుకోలేదు. బూట్లు బీరువాలో ఉండలేవు గదా, వరసలో నేనే ఉన్నాను, వేసుకున్నాను. జీవితంలో మొదటిసారి నాకు దూది లేకుండా బూటు సరిపోయింది. సార్ నా చీలమండలు నొక్కి చూసి, లేసులు తనే కట్టాడు. అంత గట్టి బూట్లలో నా కాళ్లు కొంగ కాళ్లయ్యాయి. మోకాలు వంగితే చీలమండ వంగదు, చీలమండ వంగకపోతే మోకాలూ సరిగా వంగదు. ఎగరడం కూడా పోయింది. సెలక్షన్లలో పేరు పిలిచినప్పుడు గచ్చు మధ్యలోకి హుందాగా వెళ్లాను. అక్కడ నేను చేసిన పనుల్లో హుందాగా ఉన్నది అదొక్కటే.

పద్మ సెలక్షన్ల దాకా రానేలేదు. మెత్తని బూట్లు వేరే పిల్లలు వేసుకున్న సాయంత్రాల్లో పట్టీల స్కేట్లతోనే గెంతడం మొదలుపెట్టింది. సార్ వద్దన్నాడు. ఆయన చూడనప్పుడు చేసేది. ఒకరోజు గెంతి దిగేటప్పుడు ముందు కొక్కెం బడి బూటు అంచును వదిలేసింది. పలక ఒక వైపు, పద్మ ఒక వైపు. చెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. లచ్చమ్మ పరుగున వచ్చి ఎత్తుకుంది, ఆమే సారూ కలిసి సైకిల్ మీద దవాఖానాకు తీసుకుపోయారు. ఆ కట్టు విప్పాక పద్మ మెట్ల మీద కూడా కూర్చోలేదు. "కాళ్లు మంచియి గానప్పుడు గివన్నెందుకు సార్" అందట లచ్చమ్మ, సార్ వాళ్లింటికెళ్లి పిలిచినప్పుడు. ఆ మాట సార్ నాకు చెప్పాడు. బీరువా తాళం ఆయన చేతికిచ్చి, ఇంటర్ చదువు ఎక్కువైందని చెప్పి నేనూ మానేశాను. ఆ తాళం ఎందుకిచ్చానో ఆయనకు చెప్పి ఉండాల్సింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు ఎవరికి చెప్పను?

ఈ కాలపు పిల్లలకు బూట్లు ఎంచుకోవడం ఎంత తేలికో చూస్తుంటే ముచ్చటేస్తుంది. చిన్నవైతే తిప్పి పంపుతారు, పెద్దవైతే తిప్పి పంపుతారు, రంగు నచ్చకపోయినా పంపుతారు. ఒక కొలత తప్పితే ఒక పిల్ల తలరాత మారిపోయే కాలం కాదిది. ఆ మాట ఎవరితోనైనా అంటే నేనేదో పాతకాలపు పేదరికం గురించి చెబుతున్నాననుకుంటారు. నేను చెబుతున్నది నా గురించి. ఒక్క జతే ఉండటం మా పేదరికం. ఆ ఒక్క జత దాని పాదానికి సరిపోకుండా చూడటం పేదరికం కాదు.

మీనూ వెళ్లిన మర్నాడు నాచారం వెళ్లాను. పద్మ అక్కడ కర్రీ పాయింట్ నడుపుతోందని మా పనమ్మాయి ఎప్పుడో చెప్పింది. ఎన్నిసార్లో ఆ వీధిలోంచి ఆటోలో వెళ్లాను, ఎప్పుడూ దిగలేదు. మధ్యాహ్నం పూట కొట్టు ముందు రద్దీ లేదు. పద్మ బెండకాయలు తరుగుతోంది. తలెత్తి చూసి, ఒక్క క్షణం ఆగి, కత్తి పక్కన పెట్టింది.

"వాణక్కా! గింత లావైనవేందే!"

"ఇంత కాదులే, కొంత చీరదే."

గట్టిగా నవ్వింది. పిల్లలు, మోకాళ్ల నొప్పులు, ఉప్పల్‌లో మెట్రో వచ్చాక పెరిగిన అద్దెలు, అన్నీ మాట్లాడుకున్నాం. మధ్యలో ఎవరో వస్తే పప్పు కట్టిచ్చింది. ప్లాస్టిక్ కవరుకు రబ్బరుబ్యాండు వేసేటప్పుడు దాని కుడి మణికట్టు పూర్తిగా తిరగడం లేదని చూశాను. అప్పుడు చెప్పేశాను. పెన్సిల్ ఎలా వాల్చానో చేత్తో చూపించి మరీ చెప్పాను. ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు చెప్పుకున్న మాటలు, ఒక్కటీ వరసలో రాలేదు.

పద్మ బెండకాయలు తరుగుతూనే ఉంది. తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి అడిగింది.

"మొదటి కాలు గీసినంక, నేను కాలు మార్చిన గద అక్కా?"

"ఆఁ."

"గప్పుడన్న అనిపియ్యలేదా?"

ఈ ప్రశ్న నేను అద్దం ముందు ఎప్పుడూ వేసుకోలేదు. "మొదటిది గీసేటప్పుడు చెయ్యి వణికింది. రెండోదానికి వణకలేదు" అన్నాను.

తల ఊపింది, ఏదో గిరాకీ లెక్క విన్నట్టు. తిడుతుందని ఎదురుచూశాను. పోనీలే అక్కా, చిన్నతనం అంటుందని కూడా, సిగ్గులేకుండా, ఎదురుచూశాను. అది ఆ రెండూ చెయ్యలేదు. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, కొట్టు పక్కనున్న మెట్ల వైపు చూపించింది.

"అమ్మ పైన్నే ఉంటది. కళ్లు సరిగ కనబడవు గని చెవులు మంచిగనే ఉన్నయ్. ఇప్పటికీ నా కాళ్లకు నూనె రాస్తది అక్కా. రాసినప్పుడల్లా గదే మాట, చిన్నప్పుడు చెప్పులు కొనియ్యకపోతినని. ఇప్పుడు నాకు చెప్పింది ఆమెకు నువ్వే చెప్పు."

"నువ్వు రావా?"

"నాకు గిరాకి ఉన్నది."

కొట్టు ముందు ఎవరూ లేరు. అది మళ్లీ కత్తి తీసుకుంది. నేను చెప్పులు మెట్ల కింద విడిచి, గోడ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. ఎవరో వస్తున్న చప్పుడు విని పైనుంచి ముసలి గొంతు, "ఎవలు బిడ్డా?" అని అడిగింది.